ప్లాను ముందా, పని ముందా: ఉద్దానం ఆఫీసుల్లో సాఫ్ట్‌వేర్ చరిత్ర

సాఫ్ట్‌వేర్ తయారీలో రెండు దారులున్నాయి. ఏం కావాలో ముందే అంతా రాసుకుని, డిజైన్ ఖాయం చేసుకుని, ఆపైన ప్రోగ్రాం రాసి, పరీక్షించి, చివర్లో ఒకేసారి అప్పగించడం మొదటి దారి. దీన్ని సంప్రదాయ పద్ధతి అనీ వాటర్‌ఫాల్ అనీ అంటారు. కొంత పని చేసి వాడేవాళ్ల చేతికిచ్చి, వాళ్ల మాట విని దిద్ది, మళ్లీ కొంత చేర్చడం రెండోది. రెండు మూడు వారాలకొకటిగా సాగే ఈ విడతలు స్ప్రింట్లు, ఆ పద్ధతి అజైల్. ఏది మేలన్న వాదం అమెరికాలో పుట్టింది. దాని మంచిచెడ్డలు మాత్రం శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చుట్టుపక్కల పలాస, టెక్కలి, సోంపేట, కవిటి జనానికి పాతికేళ్లుగా అనుభవమే. ఉద్దానానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు గుండా రాలేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కౌంటరు మీదుగా, ఉపాధి హామీ మస్టరు మీదుగా, పింఛను ఇచ్చే ఫోను మీదుగా వచ్చింది.

సంప్రదాయ పద్ధతికి మూలపురుషుడిగా అందరూ చెప్పే పేరు విన్‌స్టన్ రాయ్స్. పెద్ద సాఫ్ట్‌వేర్ పనుల నిర్వహణపై ఆయన 1970లో రాసిన వ్యాసంలో ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దిగే బొమ్మ ఉంది. దాని కిందే ఆయన ఇలా నేరుగా పోతే పని ప్రమాదంలో పడుతుందని హెచ్చరించాడు, వెనక్కి వచ్చి దిద్దుకునే దారులు చూపించాడు. వాటర్‌ఫాల్ అన్న మాట ఆ వ్యాసంలో ఎక్కడా లేదు, అది 1976లో వేరేవాళ్లు వాడింది. జనం బొమ్మను తీసుకుని హెచ్చరికను వదిలేశారు. 1985లో అమెరికా రక్షణ శాఖ తన కాంట్రాక్టర్లకు పెట్టిన ప్రమాణం దాదాపు ఆ బొమ్మ ప్రకారమే నడిచింది. ప్రభుత్వానికి అందులో సౌకర్యం ఉంది. ప్రతి మెట్టుకూ ఒక పత్రం ఉంటుంది, ప్రతి పత్రానికీ ఒక సంతకం, ప్రతి సంతకానికీ ఒక బిల్లు. పని ఎంతవరకు వచ్చిందో ఫైలు చూసి చెప్పేయవచ్చు.

ఈ పద్ధతి వెనక ఉన్న భయం మాత్రం నిజమైనదే. సాఫ్ట్‌వేర్ నిపుణుడు బారీ బోమ్ 1981లో రాసిన పుస్తకంలో, తప్పు ఎంత ఆలస్యంగా బయటపడితే దాన్ని సరిదిద్దే ఖర్చు అంతగా పెరుగుతుందని లెక్కలతో చూపాడు. పలాస జీడిపప్పు బట్టీల్లో ఈ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిక్క కొట్టేటప్పుడు విరగని పప్పు, అంటే గుండు, బద్దయితే అది మళ్లీ గుండు కాదు, దాని ధర బద్ద ధరే. అయితే సాఫ్ట్‌వేర్ జీడిపప్పు కాదు. విరిగిన ప్రోగ్రాంను అతికించవచ్చు. అతికించే ఖర్చు ఎంతన్నదే ప్రశ్న. కంప్యూటర్లు చవకై, పరీక్షించే పని యంత్రమే చేసే రోజులొచ్చాక ఆ ఖర్చు బాగా తగ్గింది. అజైల్‌కు చోటు దొరికింది అక్కడే.

విడతలుగా చేయడం కూడా కొత్తేమీ కాదు. 1960ల మొదట్లో నాసా మెర్క్యురీ అంతరిక్ష కార్యక్రమంలో సగం రోజుకొక విడత చొప్పున ప్రోగ్రాములు రాసి పరీక్షించిన బృందాలున్నాయి. స్క్రమ్, ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ లాంటి పద్ధతులు 1990లలో రూపు కట్టాయి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు కొండల విడిదిలో 17 మంది కలిసి ఒక చిన్న ప్రకటన రాసి దానికి అజైల్ అని పేరు పెట్టారు. టెక్కలిలో ఆదిత్య ఇంజనీరింగ్ కాలేజీ మొదలైందీ అదే ఏడాది. ఆ రోజుల్లో జేఎన్‌టీయూ విద్యార్థులు చదివిన ప్రెస్‌మన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పుస్తకంలో వాటర్‌ఫాల్ ముందు అధ్యాయాల్లోనే వస్తుంది. పరీక్షలో దాని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిల్లలు, ఉద్యోగంలో చేరి కొన్నేళ్లు తిరిగేసరికి రోజూ పొద్దున పావుగంట నిలబడి మాట్లాడుకునే స్క్రమ్ సమావేశాల్లో ఉన్నారు.

ఆ మార్పు అంత ఆలస్యంగా రావడానికి కారణం హైదరాబాద్ వ్యాపారం పెరిగిన తీరులో ఉంది. 1987లో మొదలైన సత్యం కంప్యూటర్స్ 1990ల తొలినాళ్లలో ట్రాక్టర్ల కంపెనీ జాన్ డీర్ పని పట్టి, అమెరికా పనిని ఇక్కడ కూర్చుని చేయవచ్చని చూపించింది. వేల కిలోమీటర్ల అవతల, రాత్రిపగళ్లు తారుమారైన చోట కూర్చున్న మనిషికి పని చెప్పాలంటే కాగితం మీద రాసి పంపాలి. ధర ముందే కుదిరిన కాంట్రాక్టులో ఏది చేయాలో, ఏది చేయనక్కర్లేదో అక్షరాల్లో ఉండాలి. అందుకే సంప్రదాయ పద్ధతి హైదరాబాద్‌కు సరిగ్గా కుదిరింది. సాఫ్ట్‌వేర్ సంస్థల పనితీరును కొలిచేందుకు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన సీఎంఎం కొలమానంలో అయిదో మెట్టు ఎక్కడం 1990ల చివర భారత కంపెనీలకు పెద్ద పరువు. అప్పట్లో ప్రపంచంలో ఆ మెట్టు ఎక్కిన సంస్థల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. 2000 సంవత్సరపు తేదీ సమస్య వచ్చి ఆ పరువును డబ్బుగా మార్చింది. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెల ఏడాదిని నాలుగంకెలు చేసే పనికి గడువు మారదు, అవసరం మారదు, అడగాల్సిన కొత్త ప్రశ్న లేదు. సంప్రదాయ పద్ధతికి అంతకన్నా తగిన పని పుట్టలేదు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోబాల్ నేర్చి విమానమెక్కిన తరం అదే.

సరిగ్గా ఆ కాలంలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రిజిస్ట్రేషన్ శాఖను కంప్యూటరు కిందికి తెచ్చింది. తెలుగునాట సాఫ్ట్‌వేర్ పద్ధతుల చరిత్రలో నిలిచి చూడాల్సిన ఘట్టం ఇదే. అంతకు ముందు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఒక దస్తావేజు వస్తే గుమాస్తా దాన్ని చేత్తో రిజిస్టరు పుస్తకంలోకి మక్కీకి మక్కీ ఎత్తి రాసేవాడు. పేర్ల సూచిక వేరు, ఆస్తుల సూచిక వేరు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కావాలంటే పదమూడేళ్లో ఇరవయ్యేళ్లో వెనక్కి, ఏడాదికొక సూచిక చొప్పున, పురుగు తిన్న పుటలు తిప్పాలి. ఆస్తి విలువ ఎంతన్నది ఆఫీసువాళ్ల చేతిలోని పుస్తకంలో ఉంటుంది, కొనేవాడికి కనపడదు. ఉద్దానంలో ఇది మరీ చిక్కు. ఈ ప్రాంతం 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా గంజాం జిల్లాలో ఉంది, తర్వాత విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. టెక్కలి, మందస ఎస్టేట్లు 1948 చట్టంతో రద్దయ్యాయి. కొబ్బరితోటలు అన్నదమ్ముల మధ్య వాటాలై, వాటాల్లో మళ్లీ వాటాలైన చోట, కాగితం వెతకడమంటే మూడు పాలనల చరిత్ర వెతకడమే.

కార్డ్ అనే ఈ పథకానికి పని 1996లో మొదలైంది. అప్పటి రిజిస్ట్రేషన్ శాఖ అధిపతి జె. సత్యనారాయణ దాన్ని నడిపించారు. తర్వాతి కాలంలో ఆయన ఆధార్ సంస్థకు ఛైర్మన్ అయ్యారు. పని మొత్తం ప్లాను ప్రకారమే సాగింది. పాత పద్ధతిలోని అంచెలన్నీ రాసుకున్నారు, కొత్తవి గీసుకున్నారు, సిబ్బందికి శిక్షణ ఇచ్చారు, పాత సూచికలను కంప్యూటరులోకి ఎక్కించారు. ముందు రెండు ఆఫీసుల్లో నడిపి చూసి, 1998 నవంబరులో రెండు వందలకు పైగా ఆఫీసుల్లో మొదలుపెట్టారు, మిగతా ఆఫీసులకు ఆ తర్వాత తీసుకెళ్లారు. ఈసీకి రోజులు పట్టేది నిమిషాల్లోకి వచ్చింది. చేత్తో ఎత్తి రాయడం పోయి స్కానింగ్ వచ్చింది. విలువ లెక్క కంప్యూటరే కట్టింది.

ప్లాను పద్ధతి ఇక్కడ ఎందుకు పనిచేసింది? రిజిస్ట్రేషన్ చట్టం 1908 నాటిది, స్టాంపుల చట్టం 1899 నాటిది. దాదాపు నూరేళ్లుగా పెద్దగా మారని నియమాలను ముందే రాసుకోవడం కష్టం కాదు. తప్పు జరిగితే ఆస్తి హక్కే పోతుంది కాబట్టి జాగ్రత్త ఎంతున్నా ఎక్కువ కాదు. నియమం స్థిరంగా, తప్పు ఖరీదుగా ఉన్న చోట ముందే అంతా రాసుకోవాలన్న పాత సూత్రానికి కార్డ్ మంచి ఉదాహరణ. రెండు ఆఫీసుల్లో ముందు నడిపి చూడటం మాత్రం అజైల్‌వాళ్లు మెచ్చుకునే పనే.

ప్లానులో పడనిది ఒకటి ఉంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టు కిందో, పక్క గదిలోనో కూర్చునే దస్తావేజు లేఖరి. రాసేదీ అతనే, లోపలికి తీసుకెళ్లేదీ అతనే, ఎవరికి ఎంత ఇవ్వాలో చెప్పేదీ అతనే. కంప్యూటరు లోపలి అంచెలను మార్చింది, అతని కుర్చీని కదపలేదు. పరిశోధకుడు జొనాథన్ కేస్లీ 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసంలో కార్డ్‌ను పైపూతగానే చూశాడు. కౌంటరు మారింది కానీ మధ్యవర్తుల వ్యవహారం, చేతులు తడపడం పోలేదన్నది ఆయన వాదం. ఈ విమర్శ కొంచెం కటువే. నిమిషాల్లో వచ్చే ఈసీ పైపూత కాదు. కానీ కొనేవాడినీ అమ్మేవాడినీ మధ్య మధ్యలో అడుగుతూ పోయి ఉంటే, ఆఫీసు లోపలి అంచెల కన్నా ముందు ఆఫీసు బయటి మనిషి కనిపించి ఉండేవాడు. అవసరాల పత్రం శాఖను అడిగి రాసిందే, అందుకే అందులో శాఖ అవసరాలే ఉన్నాయి. ప్లాను వదిలేసినదానికి ఇంకో గుర్తు ఇప్పటికీ మిగిలింది. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. తాతల నాటి కొబ్బరితోటకు అంతకు ముందు లావాదేవీ ఉంటే, సోంపేటలోనో టెక్కలిలోనో ఆఫీసుకు వెళ్లి అర్జీ పెట్టి పుస్తకాలు వెతికించుకోవాలి.

కార్డ్ మొదలైన మరుసటి ఏడే, 1999లో, హైదరాబాద్‌లో ట్విన్స్ పేరుతో ఇంకో ప్రయత్నం మొదలైంది. కరెంటు బిల్లు, నీటి బిల్లు లాంటివి ఒకే కౌంటరులో కట్టించుకునే చిన్న కేంద్రం. జనం వచ్చారు, క్యూలు చూశారు, సేవలు చేర్చారు. 2001లో అది ఈసేవ అయింది, ఆపైన జిల్లాలకు పాకింది. 2011 నవంబరులో చిత్తూరు జిల్లాలో పది సేవలతో మొదలైన మీసేవ దానికి తమ్ముడు. ఒక జిల్లాలో నిలిచాక ఇంకో జిల్లా, పది సేవలు కుదిరాక ఇంకో పది. అజైల్ అన్న మాట వాడినా వాడకపోయినా, పని మాత్రం ఆ తీరునే జరిగింది.

ఉపాధి హామీ పథకం ఇంకా మంచి ఉదాహరణ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో పథకం మొదలైంది. రాష్ట్రంలో తొలి విడతలో 13 జిల్లాలు, శ్రీకాకుళం 2007లో రెండో విడతలో చేరింది. రాష్ట్రం కోసం టీసీఎస్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో జాబ్ కార్డు నుంచి పని అంచనా, మస్టరు, కూలి చెల్లింపు దాకా అన్నీ ఉండేవి. ఇక్కడ స్థిరంగా ఉన్న నియమం ఒక్కటీ లేదు. కూలి రేటు మారేది, పనుల జాబితా మారేది, డబ్బు పోస్టాఫీసు నుంచి బ్యాంకుకు మారింది, ఢిల్లీ సర్క్యులరుకు హైదరాబాద్ సర్క్యులరు తోడయ్యేది. ఇలాంటి దానికి ముందే అంతా రాసుకుని కూర్చుంటే, రాసింది పూర్తయ్యేలోపే పాతబడుతుంది. సాఫ్ట్‌వేర్ సర్క్యులరు వెంట పరుగెత్తుతూ మారింది. శ్రీకాకుళం రెండో విడతలో చేరడం వల్ల ఒక మేలు జరిగింది. మొదటి జిల్లాల్లో దొరికిన తప్పుల్లో కొన్నయినా ఇక్కడికి వచ్చేలోపు సర్దుకున్నాయి.

ఆ సాఫ్ట్‌వేర్‌కు ఎదురు మాట చెప్పే చోటు కూడా దొరికింది. సామాజిక తనిఖీ బృందాలు కంప్యూటరు నుంచి మస్టరు వివరాలు ముద్రించి తెచ్చి, ఊళ్లో ఇంటింటికీ వెళ్లి పేరు పేరునా అడిగేవి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివేవి. పని చేయనివాడి పేరు మీద కూలి పడినా, చేసినవాడికి పడకపోయినా అక్కడ తేలేది. అజైల్ పుస్తకాలు విడత చివర వాడేవాళ్లకు చూపించి అడగమంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని ఊరందరి ఎదుట, మైకు పెట్టి జరిగింది.

2019లో గ్రామ సచివాలయాలు, వలంటీర్ల వ్యవస్థ వచ్చాక విడతల వేగం ఒక్కసారిగా పెరిగింది. ఉద్దానానికి ఇందులో ప్రత్యేక సంబంధముంది. కిడ్నీ జబ్బు ఇక్కడి ఇంటింటి బాధ. డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు 10,000 రూపాయలైంది. డయాలసిస్ దాకా రాని, జబ్బు ముదిరిన రోగులకు 5,000 వేరే వర్గం కింద ఇచ్చారు, అర్హతకు సీరం క్రియాటినైన్ లాంటి పరీక్షల ఫలితాలు కొలత. 2024 జులైలో ఆ 5,000 కూడా 10,000 అయింది. అంటే పింఛను సాఫ్ట్‌వేర్‌లో వయసు, వైకల్యం లాంటి పాత గళ్ల పక్కన ఆసుపత్రి ల్యాబు అంకె ఒకటి వచ్చి చేరింది, ఆపైన ఇచ్చే సొమ్మూ మారింది. ఏ టెండరు పత్రంలోనూ ముందుగా రాసి ఉంచగల విషయం కాదిది.

2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటి గుమ్మంలోకి వచ్చింది. వలంటీరు ఫోనుకు వేలిముద్ర యంత్రం తగిలించి, వేలు పెట్టించి డబ్బు ఇచ్చేవారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చున్న డిజైనరుకు తట్టని సంగతి ఇక్కడ ఎదురైంది. జీడి పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. పలాస బట్టీల్లో ఏళ్ల తరబడి పిక్క కొట్టిన ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, పొర ఊడి, గీతలు అరిగిపోయి ఉంటాయి. కొబ్బరి పీచు లాగినవాళ్లవీ, ముసలివాళ్లవీ దాదాపు అంతే. అలాంటి వేలు యంత్రానికి వేలు కాదు. నెల మొదటి తేదీన నాలుగుసార్లు తుడిచి, అయిదోసారి ఇంకో వేలు పెట్టి, చివరికి పడకపోతే రేపు వస్తాననే మాట. కంటిపాప, ముఖం చూసి గుర్తించే పద్ధతులు తర్వాత చేరాయి. అవసరాల పత్రం ఎంత లావుగా రాసినా పలాస కూలి వేలు అందులోకి ఎక్కదు. ఇంటి గుమ్మం దాకా వెళ్లి చూస్తేనే కనపడుతుంది. విడతల పద్ధతికి అనుకూలంగా చెప్పగలిగే మాటల్లో ఇంతకు మించింది లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. కంపెనీలో స్ప్రింటు తప్పితే నష్టం ఆ కంపెనీది. సర్కారు యాప్ తప్పితే నష్టం మందులకు డబ్బు లేని రోగిది. సగం పరీక్షించిన యాప్‌ను నెల మొదటి తేదీన జనం మీద వదిలి, తప్పులు దొరికితే దిద్దుదామనుకోవడం అజైల్ కాదు, ఖర్చును పేదవాడి మీదికి తోసేయడం. అప్‌డేట్ చేసుకుంటే గానీ తెరుచుకోని యాప్, పని వేళల్లో మొరాయించే సర్వరు, ఊళ్లో జనం తిట్లు తినే సచివాలయ ఉద్యోగి — ఈ దృశ్యం రాష్ట్రమంతటా తెలిసిందే. విడతలుగా ఇవ్వాలంటే పాత దారి ఒకటి తెరిచి ఉంచాలి. కార్డ్ వచ్చాక కూడా 1983 ముందటి పుస్తకాలు ఆఫీసులో ఉన్నాయి, అందుకే పాత లావాదేవీలకు ఆధారం పోలేదు.

రెండు పద్ధతులూ ఒకే మనిషి దగ్గర కలిసే చోటు కూడా ఉద్దానంలోనే ఉంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. డయాలసిస్ యంత్రం రక్తం బయటికి తీసే వేగం, గాలి బుడగ పట్టుకునే హెచ్చరిక, ద్రవం వేడి అన్నీ సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంటాయి. వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌కు 2006లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం తప్పు జరిగితే మనిషికి ఎంత హాని అన్నదాన్ని బట్టి మూడు తరగతులు పెట్టింది. ఆ ప్రమాణం వాటర్‌ఫాల్‌నే వాడమనదు. కానీ ప్రతి అవసరానికీ పత్రం, ప్రతి పరీక్షకూ రుజువు, ప్రతి మార్పుకూ కారణం అడుగుతుంది. వారానికి రెండు మూడు సార్లు నాలుగేసి గంటలు ఆ యంత్రానికి కట్టుబడి కూర్చునే రోగికే పింఛను ఇచ్చే సాఫ్ట్‌వేర్ జీవో వచ్చినప్పుడల్లా మారుతుంది. యంత్రంలోది అలా మారకూడదు, పింఛనుది మారకుండా ఉండకూడదు. ఏ పద్ధతి అన్న ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్ పరిమాణంలోనో కంపెనీ అలవాటులోనో లేదు. నియమం ఎంత స్థిరం, తప్పు ఎవరి మీద పడుతుంది, వాడేవాణ్ణి మధ్యలో అడగగలమా అన్న మూడింటిలో ఉంది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది, ఆ తర్వాత విడతలు విడతలుగా పెంచుతూ వస్తోంది. బయటికి కనపడే పద్ధతి పూర్తిగా అజైల్. లోపల కాంట్రాక్టుల సంగతి వేరు. సర్కారు సాఫ్ట్‌వేర్ టెండర్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ అవసరాలన్నీ ముందే జాబితా వేసి, ఒకే ధరకు బేరం కుదిర్చి, మెట్టుకింత అని బిల్లు ఇచ్చేవే. మధ్యలో కొత్త అవసరం వస్తే దానికి వేరే ఫైలు, వేరే ధర, వేరే గొడవ. ఊరూరా తిరిగి దిద్దే పనికి టెండరులో గంటలూ డబ్బూ ముందే కేటాయించాలి. అది లేనప్పుడు విడతల పేరుతో దిద్దుబాటు భారమంతా గ్రామ సచివాలయంలో ఫోను పట్టుకున్న ఉద్యోగి మీదా, గుమ్మంలో వేలు చాపిన మనిషి మీదా పడుతోంది.